కొత్త బండితో తొలి దూర ప్రయాణం: ఏ దారి మేలు, ఎక్కడ ఆగాలి, రాత్రి ఎక్కడ పెట్టాలి

షోరూమ్ నుంచి తెచ్చిన వారంలోనే కారును దూరం తీసుకెళ్లొచ్చా అంటే, నిక్షేపంగా తీసుకెళ్లొచ్చు. సిగ్నళ్ల దగ్గర ఐడిల్‌లో నిలబడుతూ, ఒకటో గేరుకీ రెండో గేరుకీ మధ్య ఊగిసలాడుతూ ఊళ్లో తిరిగే వెయ్యి కిలోమీటర్ల కన్నా హైవే మీద తిరిగే వెయ్యి ఇంజన్‌కు మంచివి. అయితే అన్ని హైవేలూ ఒకటి కాదు, అన్ని బసలూ ఒకటి కాదు.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. సిలిండర్ గోడల మీద ఫ్యాక్టరీలో హోనింగ్ చేసి, అంటే సాన రాళ్లతో రుద్ది, ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటే సన్నటి గీతలు వదులుతారు. ఆ గీతల్లో ఆయిల్ నిలుస్తుంది. పైకి తేలిన గరుకును పిస్టన్ రింగులు (పిస్టన్ చుట్టూ ఉండే లోహపు కట్లు) కొద్దికొద్దిగా అరగదీస్తాయి, అలా రింగూ గోడా ఒకదానికొకటి అమరుతాయి. రింగును గోడకు అదిమేది దాని స్ప్రింగు గుణం ఒక్కటే కాదు. మండిన గ్యాసు రింగు వెనక్కి చేరి బయటికి తోస్తుంది. అంటే ఇంజన్ మీద కాస్త లోడు పడితేనే రింగులు సరిగ్గా కూర్చుంటాయి. కొత్త బండి కదా అని మరీ సుతారంగా నడిపితే గీతల్లో ఆయిల్ మాడి, గోడ గాజులా నున్నబడుతుంది. ఆ తర్వాత బండి ఆయిల్ తాగుతుంది. మొదటిరోజే ఫుల్ రేస్ ఇచ్చి బాదితే రింగులూ గోడలూ వేడికి గీసుకుపోతాయి. రెండూ వద్దు.

ఇప్పుడు దారుల సంగతి. ఆరు లైన్ల ఎక్స్‌ప్రెస్‌వే చూడ్డానికి హాయి, కొత్త ఇంజన్ భాగాలు ఒకదానికొకటి అమరే ఈ తొలి దశకు, అంటే రన్నింగ్-ఇన్‌కు మాత్రం చివరి ఎంపిక. క్రూయిజ్ కంట్రోల్ (యాక్సిలరేటర్ తొక్కకపోయినా వేగాన్ని నిలబెట్టే సదుపాయం) పెట్టి రెండు గంటలు ఒకే వేగంతో వెళ్తే ఇంజన్ నిమిషానికి అన్నే చుట్లు తిరుగుతూ, అంటే అదే ఆర్‌పీఎం దగ్గర, అదే లోడు మీద అరుగుతుంది. వేరే దారి లేకపోతే క్రూయిజ్ ఆపేసి, వెనక బండ్లు లేనప్పుడు వేగం మారుస్తూ వెళ్లాలి. నాలుగో గేరులో అరవై నుంచి తొంభై దాకా సగం యాక్సిలరేటర్‌తో లాగించి, కాలు పూర్తిగా తీసేసి గేరులోనే మళ్లీ అరవైకి రానివ్వాలి. కాలు తీసినప్పుడు సిలిండర్లో ఏర్పడే వాక్యూమ్ రింగుల దగ్గరికి ఆయిల్‌ను లాగుతుంది, అరిగిన లోహపు పొడి కదులుతుంది. గంటకు నాలుగైదు సార్లు ఇలా చేస్తే చాలు.

అన్నిటికన్నా మంచిది ఎత్తుపల్లాలున్న రెండు లైన్ల రోడ్డు. ఊరు వచ్చినప్పుడు తగ్గించి, ఓవర్‌టేక్‌కు కాస్త పెంచి, చిన్న ఎక్కుడు వస్తే గేరు దింపి... మీరు ప్రత్యేకంగా ఏమీ చేయక్కర్లేదు, రోడ్డే చేయిస్తుంది. గంట ఎక్కువ పట్టినా ఈ దారికే నా ఓటు.

ఘాట్ రోడ్డును మాత్రం మొదటి మూడు వందల కిలోమీటర్లలో పెట్టుకోవద్దు. కారణం ఇంజన్ ఒక్కటే కాదు. బ్రేక్ ప్యాడ్లు డిస్కుల మీద ఇంకా కుదురుకోవు, కొత్త టైర్ల పైపొర అరిగేదాకా పట్టు తక్కువగా ఉంటుంది. ఖాళీ రోడ్డు మీద అరవై నుంచి ఇరవైకి ఓ మోస్తరు బ్రేకుతో ఎనిమిది పది సార్లు తగ్గించి, మధ్యలో చల్లారనిస్తే ప్యాడ్లు అమరతాయి. ఘాట్ ఎక్కేటప్పుడు పై గేరులో నూక్కుంటూ పోవడమే పెద్ద తప్పు. పన్నెండు వందల ఆర్‌పీఎం దగ్గర ఇంజన్ గొణుగుతుంటే యాక్సిలరేటర్ తొక్కి పట్టుకుంటే బేరింగుల మీద భారం పెరుగుతుంది, అక్కడి ఆయిల్ పొర పలచబడుతుంది. గేరు దింపండి.

అంకెలు కావాలంటే, పెట్రోల్ బండికి 2,000 నుంచి 3,500, డీజిల్‌కు 1,500 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య తిరగనివ్వొచ్చు. మొదటి వెయ్యి కిలోమీటర్లూ పెట్రోల్‌లో 4,000, డీజిల్‌లో 3,000 దాటించకపోవడం మంచిది. బండితో ఇచ్చిన పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పాటించాలి. ఆటోమేటిక్ బండ్లు, ముఖ్యంగా ఎకో మోడ్‌లో, త్వరత్వరగా పై గేరుకు పోతాయి. ఎక్కుడుల్లో మాన్యువల్ మోడ్‌కు మార్చుకోవాలి. పొద్దున స్టార్ట్ చేశాక నిలబెట్టి వేడిచేయక్కర్లేదు, అర నిమిషం ఆగి కదిలి, మొదటి పావుగంట నెమ్మదిగా పోతే చాలు. ట్రెయిలర్ లాగడం, పైన లగేజీ కొండలా కట్టడం తర్వాతి ట్రిప్పుకు ఉంచుకోండి.

రెండు గంటలకోసారి ఆగాలి. టర్బో ఉన్న బండిని హైవే వేగం నుంచి దింపగానే ఆపేయకుండా నిమిషం పాటు ఐడిల్‌లో ఉంచాలి. బానెట్ కొద్దిగా వేడి వాసన వేస్తే కంగారు పడకండి, సైలెన్సర్ మీద, కింద పూసిన మైనం, రక్షణ పూతలు మొదటి ప్రయాణంలో కాలుతాయి. తియ్యటి వాసన వస్తే మాత్రం కూలెంట్ (ఇంజన్ను చల్లబరిచే ద్రవం) కారుతోందేమో చూడాలి. కాలిన కాగితంలాంటి వాసన క్లచ్‌ది. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత ముట్టొద్దు, కూలెంట్ ట్యాంకు మీది గీతలు చూస్తే మట్టం తెలుస్తుంది.

బంకు విషయంలో రద్దీగా ఉన్నదే నయం, ఇంధనం నిల్వ ఉండదు. నాజిల్ తనంతట తాను ఆగాక ఇంకాస్త కుక్కించొద్దు, పెట్రోల్ బండిలో ఆవిరిని పట్టే చార్‌కోల్ డబ్బా తడిసిపోతుంది. అక్కడ అంటగట్టే ఆడిటివ్‌లు అక్కర్లేదు. గాలి పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు సొంత గేజుతో చూసుకోవాలి. రవాణా కోసం ఎక్కువ గాలి కొట్టిన టైర్లతోనే కొన్ని బండ్లు చేతికొస్తాయి. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీదున్న అంకెతో పోల్చండి.

బస ఎంచుకునేటప్పుడు గది కన్నా పార్కింగే ముందు చూడాలి. చదునైన సిమెంటు నేల, పైన కప్పు, హైవే నుంచి ఐదు పది నిమిషాల దూరం. చదును ఎందుకంటే ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్ అక్కడే నిజం చెప్తుంది. బండి ఆపిన పది నిమిషాలకో, మర్నాడు స్టార్ట్ చేయకముందో, పుస్తకంలో చెప్పినట్టు చూడాలి. కొత్త ఇంజన్ కాస్త ఆయిల్ తాగడం మామూలే. చాలా కార్లలో కింది గీతకూ పై గీతకూ తేడా సుమారు లీటరు. పై గీత దాటించి పోస్తే క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఆయిల్‌ను నురగ కొట్టేస్తుంది. మట్టి నేల మీద పెడితే రాత్రి కారిన చుక్క ఇంకిపోయి కనబడదు. సిమెంటు మీద ఏసీ నీళ్లేవో, గోధుమ రంగు ఆయిలేదో, రంగు కూలెంటేదో ఇట్టే తెలుస్తుంది. నిటారు ర్యాంపున్న సెల్లార్లు, వాలే పార్కింగ్ (తాళం తీసుకుని సిబ్బందే బండి పెట్టే పద్ధతి) ఉన్న హోటళ్లు కొత్త క్లచ్‌కు శత్రువులు. చెట్ల పొదల పక్కన ఎలుకలు వైర్లు కొరుకుతాయి. ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో ఉంచి బండిలోనే నిద్రపోవడం రన్నింగ్-ఇన్‌కు చేటు, కార్బన్ మోనాక్సైడ్ వల్ల ప్రాణానికే ముప్పు.

దారిలో మీ కంపెనీ సర్వీస్ సెంటర్ ఎక్కడెక్కడుందో ముందే గుర్తుపెట్టుకోండి. పక్కన దొరికే మెకానిక్ దగ్గర 0డబ్ల్యూ-20 లాంటి పలచటి ఆయిల్ ఉండకపోవచ్చు, చిక్కటిది పోస్తానంటాడు. అదే గ్రేడుది ఒక లీటరు సీసా డిక్కీలో ఉంచుకుంటే ఆ గొడవ లేదు. టైరు మార్పించాల్సి వస్తే వంద కిలోమీటర్లకు చక్రం నట్లు టార్క్ రెంచ్‌తో మళ్లీ చూపించాలి.

వెయ్యి దగ్గర తొలి సర్వీసులో ఆయిల్ మార్చాలా అన్నదానికి ఒకే జవాబు లేదు. కొన్ని కంపెనీలు మార్చమంటాయి, కొన్ని ఫ్యాక్టరీలో పోసినదాన్ని త్వరగా తీయొద్దంటాయి. పుస్తకంలో ఏముందో అదే చేయించి, ఆయిల్ మట్టం రాయించుకుని బిల్లు దాచండి. మైలేజీ లెక్కలు మాత్రం ఇప్పుడే వేయకండి, కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక గానీ అది నిలకడకు రాదు.