కడపలో టికెట్ పార్కు, పోరుమామిళ్లలో ఉచిత చెరువుకట్ట

ఈసారి కడప ప్రయాణంలో రూము, బస్సులు అన్నీ బాగానే కుదిరాయి. మండించింది ఒక్క కొత్త పార్కు. పేరెందుకులెండి, వెళ్లినవాళ్లకు చెప్పకుండానే తెలిసిపోతుంది.

పెద్దవాళ్లకు 30 రూపాయలు, పిల్లలకు 15, కెమెరాకు 50. లోపల నున్నటి గ్రానైట్ బెంచీలు వేశారు, నీడ మాత్రం ఎక్కడా లేదు. మధ్యాహ్నం మూడింటికి వాటి మీద దోసె పోసుకోవచ్చు. "కూచునేకి తావు లేదు గానీ దుడ్లు మాత్రం తీసుకున్యారే" అంది మోకాళ్ల నొప్పులతో వచ్చిన మా అమ్మ. ర్యాంపు కట్టారు, దాని మొదట్లోనే పూలకుండీలు పెట్టారు. లాన్‌కు ట్యాంకరు నీళ్లు. గోడ వెంబడి వరసగా కోనోకార్పస్, గుజరాత్ 2023లోనే నాటొద్దన్న మొక్క! ఆడవాళ్ల టాయిలెట్‌కు తాళం. అడిగితే, తాళంచెవి ఉన్నాయన భోజనానికి పోయాడన్నారు. మా ఆవిడ ఆ తర్వాత రూముకు చేరేదాకా నాతో మాట్లాడలేదు. పార్కు నేనే కట్టించినట్టు!

చివరికి అమ్మ కూర్చున్నది గేటు బయట, వేపచెట్టు కింద, ఉడకబెట్టిన శనక్కాయలు అమ్మే ఆమె పక్కన. ఆమెను కూడా వాచ్‌మన్ లేచిపొమ్మంటున్నాడు.

మర్నాడు బద్వేలు మీదుగా పోరుమామిళ్ల వెళ్లాం. ఆడవాళ్లకు ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి పుణ్యమా అని ఆడవాళ్లిద్దరికీ జీరో టికెట్, డబ్బులు పెట్టింది నేనొక్కడినే. ఆధార్ కార్డు మరిచిపోకండి.

అక్కడి చెరువు విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు తవ్వించింది. కట్ట మీద 1369 నాటి శాసనం ఉంది. వెయ్యి మంది కూలీలు, రాళ్లకు వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క రాయించారు. అంతటితో ఆగలేదు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలన్నారు, గట్టి నేల, పనితెలిసిన మనుషులు అందులోవే. ఆరు దోషాలూ చెప్పారు: కట్ట నీరు కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, నడుమ మిట్ట... నీళ్లు తక్కువై నేల ఎక్కువ కావడం కూడా దోషమేనట. ట్యాంకరుతో లాన్ పెంచేవాళ్లకు ఈ ఒక్కటీ వినిపిస్తే చాలు.

కట్ట మీద గొర్రెల కాపరులు, బట్టలుతికేవాళ్లు, చేపలు పట్టే పిల్లలు ఎవరి పనిలో వాళ్లున్నారు, టికెట్ అడిగేవాడు లేడు. అమ్మ చెట్టు నీడన గంటసేపు కదల్లేదు. అలాగని అంతా బాగుందనను. కంపచెట్లు దారి మూసేస్తున్నాయి, శాసనం గురించి చదివి తెలుసుకుందామంటే బోర్డు కనిపించలేదు, టాయిలెట్ ఇక్కడా లేదు.

ఊళ్లో మెస్సులో రాగి సంగటి, ఊరుబిండి, చింతాకు పప్పు, 90 రూపాయలు. మారు వడ్డించాక మా ఆవిడ మాట కలిపింది. వెళ్లేవాళ్లు ఎండ తగ్గాక వెళ్లండి, నీళ్ల సీసా పట్టుకెళ్లండి, ఆడవాళ్లు బస్టాండులోనే టాయిలెట్‌కు వెళ్లి బయల్దేరండి. 5 రూపాయలు తీసుకున్నా అక్కడ తాళం వేయరు.