ఆరేళ్ళ వాల్ మిక్సర్: మూడుసార్లు బాగుచేయించినా ఆగని చుక్క

మా కామన్ బాత్రూమ్‌లో వేడినీళ్ళూ చన్నీళ్ళూ కలిపి ఇచ్చే వాల్ మిక్సర్ 2019లో, గృహప్రవేశానికి వారం ముందు బిగించారు. పైన షవర్, మధ్యలో చేతి షవర్, కింద బకెట్‌లోకి కుళాయి, మూడూ ఒకే బాడీకి ఉండే రకం. అప్పట్లో ₹6,800 అయింది. కంపెనీ పేరు రాయడం లేదు. నేను పడ్డ తిప్పల్లో సగం మా బోరు నీళ్ళది, కొంత ప్లంబర్లది, ఇంకొంత నాది. కంపెనీ వంతుకు మిగిలేది తక్కువే.

మొదటి నాలుగేళ్ళు దీని గురించి ఆలోచించే పనే పడలేదు. పావు తిప్పితే నీళ్ళు, పావు తిప్పితే బంద్. పాత కుళాయిల్లో రబ్బరు వాషర్ అరిగేకొద్దీ ఇంకా ఇంకా బిగించేవాళ్ళం. ఇందులో హ్యాండిల్ కింద స్పిండిల్ అనే ముక్క ఉంటుంది, దానిలోని రెండు సిరామిక్ బిళ్ళలు ఒకదానిమీద ఒకటి జారుతూ నీటిని ఆపుతాయి, గట్టిగా తిప్పినా అదనంగా ఆగేది ఏమీ లేదు. ఈ సంగతి మా నాన్నగారికి ఎంత చెప్పినా ఎక్కలేదు. ఆయన దృష్టిలో కుళాయి అంటే బిగించాల్సిన వస్తువు. వచ్చినప్పుడల్లా తువ్వాలు చుట్టి మరీ తిప్పేవారు.

2023 వేసవిలో మొదలైంది చుక్క. రెండు సెకన్లకు ఒకటి. పోనీలే అనుకున్నా గానీ, ఒకరోజు రాత్రి పదింటికి కింద బకెట్ పెట్టి పొద్దున ఆరింటికి మగ్గుతో కొలిస్తే మూడున్నర లీటర్లు తేలింది. రోజంతటికీ లెక్కేస్తే పది లీటర్ల పైనే. ట్యాంకర్‌కి డబ్బులు కట్టే ఇంట్లో అది చూసి నిద్ర పడుతుందా?

మొదటి ప్లంబర్ వచ్చి కుళాయి వైపు ఒక చూపు చూసి, "స్పిండిల్ పోయింది సార్, కొత్తది ఎయ్యాలె" అని చన్నీళ్ళ వైపుది మార్చాడు. ఆ రాత్రే మళ్ళీ చుక్క. రెండో అతను వేడినీళ్ళ వైపుది మార్చాడు. మూడు వారాలు హాయిగా గడిచి, మళ్ళీ మొదలు. మూడో అతను రెండూ విప్పి, ఉన్న మరలన్నిటికీ టెఫ్లాన్ టేప్ చుట్టి, ఇంకా బిగించాడు. చుక్క ఆగలేదు సరికదా హ్యాండిల్ బిగుసుకుపోయింది. "బాడీనే పోయింది, మొత్తం మార్చుకోండి" అనేసి వెళ్ళాడు. అప్పటికి స్పిండిళ్ళకీ కూలికీ కలిపి ₹2,300 పెట్టాను. మొత్తం మార్చాలంటే లోపలి పైపు మరలు కదులుతాయి, టైల్స్ పగులుతాయేమోనని అదో టెన్షన్.

డల్లాస్‌లో ఉండే మా తమ్ముడితో మాటల్లో ఈ గోల చెబితే వాడు నవ్వాడు. వాళ్ళ పాత ఇంట్లో బాత్‌టబ్ కుళాయీ అంతేనట, వాషర్లు మార్చినా కారుతూనే ఉండేదట. "అన్నయ్యా, స్పిండిల్ సంగతి సరే, అది కూర్చునే చోట వేలు పెట్టి చూశావా?" అని అడిగాడు. చూడలేదు. ముగ్గురు ప్లంబర్లలో ఒక్కడూ చూడలేదు.

ఆ ఆదివారం నేనే దిగాను. ముందు ఏ వైపు నుంచి కారుతోందో తేల్చుకోవాలి. గీజర్ స్విచ్ ఆపేసి, గీజర్‌లోకి నీళ్ళు వెళ్ళే యాంగిల్ కాక్ (గోడకుండే చిన్న వాల్వు) కట్టేశాను. పది నిమిషాల్లో చుక్క ఆగిపోయింది. అంటే దొంగ వేడినీళ్ళ వైపే ఉన్నాడు. ఆగకపోతే చన్నీళ్ళ వైపు అని అర్థం. ఇంత చిన్న పరీక్ష చేసి ఉంటే మొదటి స్పిండిల్ ఖర్చు మిగిలేది. ఇంకో మాట, షవర్ కట్టేశాక నాలుగైదు నిమిషాలు కారేది లీకేజీ కాదు, పైన పైపులో మిగిలిన నీళ్ళు దిగడం. దాన్ని చూసి ప్లంబర్‌ని పిలవకండి.

తర్వాత నీళ్ళు ఆపాలి. వాష్‌బేసిన్ కింద ఉన్నట్టు దీనికి విడిగా యాంగిల్ కాక్‌లు లేవు, మిక్సర్ కాళ్ళు నేరుగా గోడలోకే. టెర్రస్ మీదికి వెళ్తే వరసగా పద్నాలుగు గేట్ వాల్వులు, ఒక్కదానికీ పేరు రాసి లేదు. వాచ్‌మన్ చూపించింది కట్టేసి కిందికి వచ్చేసరికి పైఫ్లోర్ వాళ్ళ ఫోన్, సబ్బు ఒంటి మీద ఉండగా నీళ్ళు ఆగిపోయాయని. ఇప్పుడు మా వాల్వుకి పసుపు పెయింట్ వేసి ఫ్లాట్ నంబర్ రాసిపెట్టాను. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా పనికొచ్చింది అదే.

హ్యాండిల్ మీది ఎర్ర బిళ్ళని పిన్నీసుతో లేపితే కింద స్క్రూ ఉంది. అది తీసి, హ్యాండిల్ లాగి, పానాతో స్పిండిల్ విప్పాను. స్పిండిల్ అడుగున చిన్న రబ్బరు రింగు ఉంటుంది, అది బాడీలోని ఇత్తడి అంచు మీద నొక్కుకుని కూర్చోవాలి. టార్చ్ వేసి చూస్తే ఆ అంచు సగం చుట్టూ తెల్లటి పెచ్చు, పాత టీ గిన్నె అడుగున కట్టినట్టు. వేలితో తడిమితే ఇసుక కాగితంలా తగిలింది. సిరామిక్ బిళ్ళలు అద్దంలా ఉన్నాయి, ఒక్క గీత లేదు. నీళ్ళు బిళ్ళల మధ్య నుంచి కాదు, రబ్బరుకీ ఇత్తడికీ మధ్య నుంచి దొంగదారిన వస్తున్నాయి. కొత్త స్పిండిల్ వేసిన మూడు వారాలు ఎందుకు ఆగిందో అప్పుడు అర్థమైంది. కొత్త రబ్బరు మెత్తగా ఉండి ఆ గరుకులో సర్దుకుంది, వేడినీళ్ళకు గట్టిపడ్డాక వదిలేసింది.

వేడి వైపే ఎందుకంటే, గట్టి నీళ్ళను, అంటే సున్నం ఎక్కువున్న నీళ్ళను కాచినప్పుడే అది ఎక్కువగా విడివడి పేరుకుంటుంది. మా బోరు నీళ్ళకు టీడీఎస్ మీటర్ (నీళ్ళలో కరిగిన లవణాలను చూపేది) పెడితే 900 చూపిస్తుంది. తాగేనీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెప్పే మేలైన హద్దు 500.

తమ్ముడి ఊళ్ళో పాత కుళాయిల్లో చాలావాటికి ఈ అంచు విడి ముక్కగా దొరుకుతుందట, విప్పి కొత్తది వేసుకోవచ్చు. నా దాంట్లో అది బాడీతోపాటు పోతపోసిందే. అందుకని శుభ్రం చేయడమే దారి. గోరువెచ్చని నీళ్ళలో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, గుడ్డపీలిక తడిపి లోపల కుక్కి అరగంట ఉంచాను. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, మళ్ళీ కుక్కాను. మూడోసారికి ఇత్తడి పసుపుగా బయటపడింది. స్క్రూడ్రైవర్‌తో గీకాలని చేయి దురద పెట్టింది గానీ ఆగాను, గీత పడితే ఇక బాడీ నిజంగానే పోతుంది. బాత్రూమ్ కడిగే యాసిడ్ జోలికి అసలు వెళ్ళకండి, క్రోమ్ పూత తినేస్తుంది. రబ్బరు రింగులకు కొంచెం సిలికాన్ గ్రీజు రాశాను. రెండో ప్లంబర్ కొబ్బరినూనె రాశాడు, రబ్బరుకి ఆ మర్యాద చేయకండి.

పాత రబ్బరు గట్టిపడింది కాబట్టి స్పిండిల్ కూడా మార్చాను. కొత్తది కొనడానికి పాతది చేతిలో పట్టుకునే వెళ్ళండి. షాపతను మొదట అడిగింది "లెఫ్టా, రైటా?" అని. వేడి వైపుది, చల్ల వైపుది ఒకదానికొకటి వ్యతిరేక దిశలో తిరుగుతాయి. మారిపోతే హ్యాండిల్ తలకిందులుగా పనిచేస్తుంది. హ్యాండిల్ కూర్చునే స్పిండిల్ కొన మీది పళ్ళ లెక్క కూడా కలవాలి, లేకపోతే హ్యాండిల్ ఊరికే తిరుగుతుంది. అప్పుడు కంపెనీ స్పిండిల్ ₹480, లోకల్‌ది ₹180. నేను లోకల్‌ది తీసుకోలేదు.

బిగించి ఏడాదిన్నర దాటింది. చుక్క లేదు. అయితే బిగించిన వారం తిరక్కుండా ఇంకో కంగారు వచ్చింది. గీజర్ వేయగానే దాని సేఫ్టీ వాల్వు నుంచి నీళ్ళు కారడం మొదలైంది. ఒక దగ్గర ఆపితే ఇంకో దగ్గరా అని తల పట్టుకున్నా. తీరా చూస్తే అది రిపేరు బాగా కుదిరిందనడానికి సాక్ష్యం. పదిహేను లీటర్ల నీళ్ళు 25 డిగ్రీల నుంచి 60కి కాగితే ఓ గ్లాసు మేర పెరుగుతాయి. మా గీజర్ ముందున్న వాల్వు నీళ్ళను వెనక్కి పోనివ్వదు. ఇన్నాళ్ళూ ఆ గ్లాసెడు కారుతున్న కుళాయిలోంచి పోయేవి, ఇప్పుడు ఆ దారి మూసుకుంది కాబట్టి సేఫ్టీ వాల్వు ఆ ఒత్తిడిని వదిలేస్తూ తన పని చేస్తోంది. అదేం చేస్తుందిలే అని దాని మూతికి గుడ్డ కట్టడం, బిరడా పెట్టడం మాత్రం ప్రమాదం.

మిక్సర్‌కి నా మార్కులు ఐదుకి మూడున్నర. క్రోమ్ ఇంకా మెరుస్తోంది, షవర్‌కీ కుళాయికీ మార్చే నాబ్ ఒక్కసారీ మొరాయించలేదు. అర మార్కు కోసింది ఆరేళ్ళలో ఆ నాబ్ స్పేర్ మార్కెట్లోంచి మాయమైనందుకు. మిగతా ఒక మార్కు, బోరు నీళ్ళ ఇళ్ళకు ఏడాదికోసారి స్పిండిల్ విప్పి అంచు తుడవమని డబ్బాలో ఒక్క ముక్క రాయనందుకు.