ప్రియదర్శిని పెట్టె, టైమ్ మెషిన్: కథకి ఏది మేలు?

దుబాయ్‌లో ఉన్న మా బాబాయితో మొదటిసారి వీడియో కాల్ మాట్లాడినప్పుడు మా నాయనమ్మ ఫోన్‌ని హారతి పళ్లెంలా రెండు చేతులతో పట్టుకుని, "ఇది ప్రియదర్శినిరా!" అంది. ఆమెకి 'మాయాబజార్' (1957) మాటలన్నీ నోటికి వచ్చు. ప్రియదర్శిని అంటే ఆ సినిమాలో, మూత తీసినవాళ్లకి మనసుకి ఇష్టమైనదాన్ని చూపించే మాయపెట్టె.

కథలో జరగరానిది జరగాలంటే దాన్ని మంత్రం అనాలా, యంత్రం అనాలా? మంత్రానికి ఆ పెట్టె, యంత్రానికి 'ఆదిత్య 369' (1991)లోని టైమ్ మెషిన్. ఇంతకంటే మంచి జోడీ నాకు తట్టలేదు. కె.వి.రెడ్డి గారి దగ్గర 'మాయాబజార్'కి సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు గారే 'ఆదిత్య 369' తీశారు. రెండూ ఒకే బడిలో పుట్టాయన్నమాట.

టైమ్ మెషిన్ ఎలా పనిచేస్తుందో సినిమా మనకి నిజంగా చెప్పదు. ప్రొఫెసర్ గారు తయారుచేశారు, అంతే. దాని బదులు ఏ మునీశ్వరుడో ఇచ్చిన రథం ఎక్కించినా హీరో 1526లో రాయలవారి కాలానికి వెళ్లగలడు. అయితే యంత్రం అనడంలో ఒక పెద్ద లాభం ఉంది. అది మొరాయిస్తుంది. తిరిగి ఇంటికి రావాల్సినవాళ్లు 2504లో తేలతారు. మంత్రం బెడిసికొట్టాలంటే ఎవరో ఒకరు శపించాలి. యంత్రం చెడిపోవడానికి ఎవరి పగా అక్కర్లేదు. సాహస కథకి అందుకే యంత్రం మేలు.

బాగా ముదిరిన సాంకేతికతకీ మాయకీ తేడా తెలియదని సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్ అన్నాడు. చూసే కంటికి అది నిజమే. కానీ నేను ఇంకో ప్రశ్న వేసి చూస్తాను: ఈ వస్తువుకి నా మనసు తెలుసా?

ప్రియదర్శినికి తెలుసు. శశిరేఖ మూత తీస్తే అభిమన్యుడు, బలరాముడు చూస్తే దుర్యోధనుడు. ఎవరూ ఏమీ నొక్కరు, ఎవరి పేరూ చెప్పరు. 'మాయాబజార్' వీడియో కాల్‌ని ముందే ఊహించిందని చాలామంది మురిసిపోతారు. "నీవేనా నను తలచినది" పాట వరకూ సరే, పోలిక కుదురుతుంది. కానీ వీడియో కాల్‌లో మనం నొక్కిన నంబరు మనిషే వస్తాడు. పెట్టెలో మనం దాచుకున్న మనిషి వస్తాడు.

ఆ పెట్టెకి తీగలు, మీటలు తగిలించి ఉంటే ఏమయ్యేది? ఇష్టంలేని బొమ్మ కనపడ్డవాళ్లు "ఇది పాడైంది" అని తప్పించుకునేవాళ్లు. మాయ కాబట్టి ఆ దారి లేదు. చూపించింది ఒప్పుకోవాల్సిందే. మనసు గుట్టు విప్పే కథకి మంత్రమే మేలు, అందులో నాకు అనుమానం లేదు. రెండింట్లో ఒకటే ఎంచుకోమంటే నేను పెట్టెనే ఎంచుకుంటాను.

మొన్న నాయనమ్మ ఫోన్‌లో యూట్యూబ్ తెరిచింది. ఏమీ వెతక్కముందే పైన ఘంటసాల పాట. వేలు తెరమీద ఆనించకుండా కాసేపు అలాగే చూసి, "నేను అడగలేదే, దీనికెలా తెలిసింది?" అంది. ఈసారి గొంతులో ఆ మొదటి రోజు సంబరం లేదు.