గాల్వెస్టన్‌లో నాన్నగారితో, పిల్లలతో నాలుగు గంటల చేపల వేట

ముందు ఖర్చు చెప్పేస్తాను. బుక్ చేసే ముందు నేనూ అదే వెతికాను, సూటిగా చెప్పినవాళ్లు దొరకలేదు. టెక్సస్ తీరంలోని గాల్వెస్టన్‌లో పడవ, దాన్ని నడిపే కెప్టెన్‌తో సహా నలుగురికి కలిపి నాలుగు గంటల ట్రిప్ 650 డాలర్లు. రాడ్లు, రీళ్లు, బతికున్న రొయ్యల ఎర, ఐసు, చివర్లో చేపలు కోసివ్వడం అన్నీ అందులోనే. టిప్ వేరు. ఇక్కడ 20 శాతం దాకా ఇవ్వడం ఆనవాయితీ, నేను 130 ఇచ్చాను. లైసెన్సులు కూడా వేరే. ఒకరోజు లైసెన్సు టెక్సస్‌లో ఉండేవాళ్లకు 11 డాలర్లు, బయటి నుంచి వచ్చినవాళ్లకు 16. గైడ్ ఉన్నాక మనకెందుకులే అనుకోకండి. ఫ్లోరిడాలో అయితే కెప్టెన్ లైసెన్సుతోనే పడవలో అందరికీ సరిపోతుంది. టెక్సస్‌లో అలా కుదరదు, 17 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఎవరిది వాళ్లకు ఉండాలి. పిల్లలకు అక్కర్లేదు. ఫోన్‌లో ఐదు నిమిషాల పని.

"గాలం వెయ్యడానికి లైసెన్సా అమ్మా?" అని నాన్నగారు రెండుసార్లు అడిగారు. ఆయనది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఇంటి వెనక పంట కాలువ, దాని గట్టు మీద కొబ్బరి చెట్లు. నా చిన్నప్పుడు కాలువకు నీళ్లు వదిలారంటే సాయంత్రం ఆయన చేతిలో వెదురు గాలం ఉండాల్సిందే. ఇక్కడికి వచ్చి రెండు నెలలైంది. మేముండేది హ్యూస్టన్ శివారు కేటీలో, కారు లేకుండా గుమ్మం దాటలేరు. టీవీ, వాట్సాప్, పెరట్లో టమాటా మొక్కలు, అంతే. ఫోన్‌లో ఊరివాళ్లతో "బాగానే ఉందిరా" అంటుంటే వినలేకపోయేదాన్ని. ఈ ట్రిప్ పిల్లల కోసమని ఇంట్లో అందరికీ చెప్పాను గానీ, బుక్ చేసింది ఆయన కోసమే.

రెండేళ్ల క్రితం ఒకసారి వెళ్లి దెబ్బతిన్నాం. అది వేరే బాపతు, పెద్ద పడవ. పాతికమంది పైగా ఎక్కించుకుని జెట్టీలు దాటి బయటి సముద్రంలోకి తీసుకెళ్లారు. గంట తిరక్కుండానే పిల్లలిద్దరికీ వాంతులు. మా గాలాల దారాలు పక్కవాళ్ల దారాలతో చిక్కుపడ్డాయి. చేప తగిలితే అక్కడి కుర్రాడే రాడ్ లాక్కుని, అంతా అయ్యాక "ఇప్పుడు తిప్పు" అని మా వాడి చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చాక మా వాడు "అది నేను పట్టిన చేప కాదమ్మా" అన్నాడు. అప్పుడు వాడికి తొమ్మిదేళ్లు.

అందుకే ఈసారి బయటి సముద్రం జోలికి పోలేదు. ఇన్‌షోర్ అంటే తీరం లోపలి నీళ్లు. గాల్వెస్టన్ దీవికీ ఒడ్డుకూ మధ్య ఉండే వెస్ట్ బే లాంటి చోట్లు. నీళ్లు చాలాచోట్ల నడుము లోతో, తల మునిగే లోతో ఉంటాయి. పెద్ద అలలుండవు. ఎటు చూసినా నేల కనిపిస్తూనే ఉంటుంది. కొత్తవాళ్లకు, పిల్లలకు, పెద్దవయసు వాళ్లకు ఇదే సరైనదని ఇప్పుడు గట్టిగా చెప్పగలను. నాలుగు గంటల్లో ఎవరికీ కడుపులో తిప్పలేదు.

కెప్టెన్ ఎలాంటివాడో ట్రిప్‌కు ముందే తెలిసింది. మేం మొదట అనుకున్న శనివారానికి రెండు రోజుల ముందు తనే ఫోన్ చేశాడు. దక్షిణపు గాలి 25 మైళ్ల వేగంతో వీస్తుందంటున్నారు, పిల్లలతో రావద్దు, వచ్చే వారానికి మార్చుకుందాం అన్నాడు. అడ్వాన్స్‌లో పైసా కోత లేదు. అప్పుడే అడిగాడు, పిల్లల బరువెంత, పెద్దాయనకు మోకాళ్ల నొప్పులున్నాయా, మీలో ఎవరైనా ఇంతకుముందు చేపలు పట్టారా అని. "మా నాన్నగారు అరవై ఏళ్లుగా పడుతున్నారు" అన్నాను. "అయితే ఆయన పక్కన నేను నిలబడతాను" అన్నాడు.

తెల్లవారుజామున నాలుగుంపావుకి కేటీలో బయల్దేరాం. మా ఆయనకు ఆరోజు డ్యూటీ, రాలేకపోయారు. ఆఫట్స్ బయూ దగ్గర పడవ ఎక్కేసరికి ఇంకా చీకటే, అవతలి ఒడ్డున మూడీ గార్డెన్స్ పిరమిడ్లు మసకగా కనిపిస్తున్నాయి. పడవ 24 అడుగులది. 26 అడుగుల లోపు పడవల్లో 13 ఏళ్లలోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలని టెక్సస్ చట్టం. ఇక్కడ ఒక లోపం చెప్పాలి. పదకొండేళ్ల మా వాడికి సరిపోయే జాకెట్ ఉంది గానీ, ఏడేళ్ల పాపకు ఇచ్చింది వదులు. పట్టీలన్నీ బిగించినా చెవుల దాకా పైకొచ్చేస్తోంది. బరువు అడిగి మరీ ఇలా చేయడం నాకు నచ్చలేదు, ఆ మాటే అన్నాను. అతను వాదించలేదు. పక్క పడవ వాళ్లనడిగి చిన్నది తెచ్చి, పాపకు తొడిగి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూసి అప్పుడు ఇంజన్ స్టార్ట్ చేశాడు. మీ పిల్లల జాకెట్ మీరే పట్టుకెళ్లండి, ఆ టెన్షన్ ఉండదు.

ఒక ఆల్చిప్పల దిబ్బ పక్కన లంగరు వేశాడు. అక్కడ మొదలైంది అసలు సంగతి.

గాలం దారానికి అడుగున్నర పైన ఒక బెండు ఉంది. మన నెమలీక బెండు లాంటిది కాదు. ముందు భాగం గిన్నెలా లోపలికి తొలిచి ఉంటుంది, అటూ ఇటూ పూసలు. రాడ్‌ను ఒక్కసారి చిన్నగా కుదిపితే నీళ్ల మీద బుడుంగుమంటుంది. పాపింగ్ కార్క్ అంటారు. ఎక్కడో చేపలు మేత మీద పడుతున్నాయనుకుని మిగతావి ఆ చప్పుడు విని వస్తాయట. నాన్నగారికి ఇది మింగుడు పడలేదు. మా కాలువ గట్టు మీద దగ్గినా కోప్పడే మనిషి ఆయన. "చప్పుడు చేస్తే చేపలు పారిపోవూ?" అన్నారు. నేను ఇంగ్లిష్‌లో చెప్తే కెప్టెన్ నవ్వి, తను ఒకసారి బుడుంగుమనిపించి, చేత్తో లెక్కపెట్టి చూపించాడు. ఐదు అంకెలయ్యాక మళ్లీ. మూడోసారికి నాన్నగారి బెండు మునిగింది.

ఆయన అలవాటు కొద్దీ చటుక్కున గుంజారు. చేప ఊడిపోయింది. రెండోది కూడా అంతే. ఇక్కడి గాలం కొన లోపలికి వంగి గుండ్రంగా ఉంటుంది. గుంజకుండా నిదానంగా రీలు తిప్పుతుంటే అదే చేప పెదవి మూలన గుచ్చుకుంటుంది, గొంతులోకి దిగదు. వదిలేయాల్సిన చేప వచ్చినా బతుకుతుంది. కెప్టెన్ ఒక్క ముక్క మాట్లాడలేదు. నాన్నగారి వెనక నిలబడి, మోచెయ్యి మీద రెండు వేళ్లు ఆనించాడు. మూడోసారి బెండు మునిగినప్పుడు ఆ మోచెయ్యి పైకి లేవకుండా మెల్లగా ఆపాడు. రాడ్ విల్లులా వంగింది. ఆయన రీలు తిప్పుతూనే ఉన్నారు, దారం చర్రున బయటికి పోతూనే ఉంది. ఆరేడు నిమిషాలు పట్టింది. వచ్చింది రెడ్‌ఫిష్, 23 అంగుళాలు. రాగి చెంబుకు చింతపండు పెట్టి తోమినట్టుంది రంగు, తోక మొదట్లో కాటుక బొట్టంత నల్ల మచ్చ. వలలోంచి తీస్తుంటే గుర్రుగుర్రుమంది. "ఇది గొరకే కదమ్మా, ఇంత ఉందేంటి!" అన్నారు నాన్నగారు. ఆయన అన్నది నిజమే, మన గొరకదీ దీనిదీ ఒకే కుటుంబం.

తర్వాత మా వాడికీ రెడ్‌ఫిష్ తగిలింది. ఈసారి రాడ్ ఎవరూ లాక్కోలేదు. కెప్టెన్ చేతులు వెనక్కి కట్టుకుని "నీదే, నీదే" అంటూ నిలబడ్డాడు. దారం ఇంజన్ కిందికి పోబోతే మాత్రం వాణ్ని భుజం పట్టుకుని పడవ అటువైపు నడిపించాడు. చేపను కొలబద్ద మీద పెట్టి, తోక రెండు కొసలూ దగ్గరికి నొక్కి చూశాడు. పంతొమ్మిదిన్నర. రెడ్‌ఫిష్ మామూలుగా 20 నుంచి 28 అంగుళాల మధ్య ఉంటేనే ఉంచుకోవాలి, అదీ రోజుకు మనిషికి మూడే. వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కెప్టెన్ మళ్లీ కొలిచాడు, వాడి చేతే కొలిపించాడు. అర అంగుళం తక్కువే. పడవ అంచున వాణ్ని మోకాళ్ల మీద కూర్చోబెట్టి, చేప తోక దగ్గర ఒక చెయ్యి, పొట్ట కింద ఒక చెయ్యి పెట్టించి, నీళ్లు వచ్చే వైపు మొహం తిప్పి పట్టుకోమన్నాడు. మొప్పలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. కాసేపటికి అది ఒక్క విదిలింపు విదిలించి వాడి మొహం నిండా నీళ్లు కొట్టి పోయింది. వాడు తుడుచుకోలేదు. ఇంటికొచ్చి వాళ్ల నాన్నకు మొదట చెప్పింది ఆ చేప గురించే.

చేతికొచ్చిన చేపను వదలడం ఏమిటని నాన్నగారు అడిగితే, కెప్టెన్ 2021 ఫిబ్రవరిలో వచ్చిన మంచు తుఫాను సంగతి చెప్పాడు. ఆ చలికి టెక్సస్ తీరంలో 38 లక్షలకు పైగా చేపలు చచ్చిపోయాయని అంచనా. మచ్చల ట్రౌట్‌కు పెద్ద దెబ్బ. 2024 నుంచి ఆ ట్రౌట్ మామూలుగా రోజుకు మనిషికి మూడే, 15 నుంచి 20 అంగుళాలవే. నేను తెలుగులో చెప్తుంటే నాన్నగారు మెల్లగా తలాడించారు. "మా వైపు కాలువల్లో ఈ పద్ధతి ఉంటే ఇంకా చేపలుండేవి" అన్నారు.

పాప గాలానికి ఒక జెల్ల పడింది. ఇక్కడ హార్డ్‌హెడ్ అంటారు. కెప్టెన్ నోరు తెరిచేలోగానే నాన్నగారు "ముట్టుకోకు అమ్మలూ, ముల్లు!" అని చెయ్యి అడ్డుపెట్టారు. వీపు మీద ఒకటి, పక్కలకు రెండు విషపు ముళ్లు, గుచ్చుకుంటే గంటల తరబడి సలుపు. ఆయన తడిగుడ్డ అడిగి తీసుకుని, ముళ్ల వెనక నుంచి ఒడుపుగా పట్టుకుని గాలం ఊడదీశారు. కెప్టెన్ కాసేపు అలా చూసి చెయ్యి చాచాడు. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. ఆ తర్వాత పడ్డ జెల్లలన్నీ నాన్నగారికే వదిలేశాడు. రెండు నెలల్లో మొదటిసారి ఆయనకు ఇక్కడ ఒక పని దొరికింది.

ఒకటి ముందే తెలుసుకోవాలి. ఇలాంటి చిన్న పడవల్లో టాయిలెట్ ఉండదు. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు, ఆడవాళ్లకు, చిన్నపిల్లలకు ఇది చిన్న విషయం కాదు. బుకింగ్ పేజీలో ఈ మాట ఎక్కడా లేదు, నేను ఫోన్‌లో అడిగితే చెప్పాడు. ఇది వాళ్లు రాసి తీరాలి. అడిగాను కాబట్టి ఎనిమిదింటికి ఒకసారి ఒడ్డుకు తీసుకెళ్లి మళ్లీ తెచ్చాడు. దానికి 20 నిమిషాలు పోయినా చివర్లో కలిపి ఇచ్చాడు. నీడ కూడా లేదు. తొమ్మిది దాటాక జూన్ ఎండ మాడ్చేసింది. పొడుగు చేతుల చొక్కాలు, టోపీలు తప్పనిసరి. నేను ఇడ్లీలు, పెరుగన్నం కట్టుకెళ్లాను, అవి బాగా పనికొచ్చాయి.

మొత్తానికి ఉంచుకున్నవి నాలుగు. నాన్నగారి రెడ్‌ఫిష్, పాప పట్టిన 17 అంగుళాల ట్రౌట్, నాదొక ట్రౌట్, మా వాడికి చివర్లో పడిన 16 అంగుళాల బ్లాక్ డ్రమ్. నాలుగు చేపలకు ఎనిమిది వందల డాలర్లా అంటే, చేపల కోసమే అయితే అంగడికి వెళ్లండి. మా వాడి చేతిలో రాడ్ ఉంచినందుకు, నాన్నగారిని ముసలాయనలా కాకుండా తోటి వేటగాడిలా చూసినందుకు నేను డబ్బిచ్చాను. ఒక్క డాలర్ కూడా ఎక్కువ అనిపించలేదు.

ఒడ్డున కోసే బల్ల దగ్గర కెప్టెన్ కరెంటు కత్తితో చకచకా కండ తీసేసి, తలా ముల్లూ నీళ్లలోకి నెట్టబోయాడు. కింద గూడబాతులు నోళ్లు తెరుచుకుని సిద్ధంగా ఉన్నాయి. నాన్నగారు "ఆగు బాబూ!" అని తెలుగులోనే గట్టిగా అరిచారు. తలకాయ లేకుండా పులుసేమిటి? నేను చెప్పగానే అతను కత్తి ఆపి, మొప్పలు తీసి, నాలుగు తలలూ కడిగి సంచీలో వేసి, పైన ఐసు పోసి ఇచ్చాడు. ఎలా వండుతారని అడిగాడు. చింతపండు, ఉల్లిపాయ, మెంతిపొడి అని నేను వివరిస్తుంటే ఫోన్‌లో రాసుకున్నాడు.

ఆ రాత్రి అమ్మ పులుసు పెట్టింది. ఊరికి వీడియో కాల్ చేసి నాన్నగారు రెడ్‌ఫిష్ తలకాయ గరిటెతో పైకెత్తి చూపించారు. ఆయన తిరుగు ప్రయాణం సెప్టెంబర్ చివర్లో. దానికి ముందు శనివారానికి అదే కెప్టెన్‌కు అడ్వాన్స్ కట్టేశాను. ఈసారి పాప జాకెట్ మేమే కొన్నాం.