ఎక్స్‌ట్రాక్‌క్యాడ్: మేడ మీద గదిలో నౌపడ జంక్షన్ గీయించిన సాఫ్ట్‌వేర్

మోడల్ రైల్వే మొదలుపెట్టాలనుకునేవాళ్లు ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. ఇంజను కొనకముందే, ప్లైవుడ్ కోయించకముందే, కంప్యూటర్లో పట్టాల ప్లాన్లు గీసే ఎక్స్‌ట్రాక్‌క్యాడ్ దించుకోండి. కొన్నేళ్లుగా నా ప్లాన్లన్నీ ఇందులోనే గీస్తున్నాను. శ్రీకాకుళంలో మా మేడ మీద గదిలో రెండు గోడల వెంట ఉన్న లేఅవుట్ మొత్తం ముందు దీని తెర మీదే పుట్టింది. నేర్చుకోవడానికి ఓపిక కావాలి, రూపం పాతకాలపు ప్రోగ్రాముల్లా ఉంటుంది. అయినా ఇంకోదానికి మారాలని నాకెప్పుడూ అనిపించలేదు.

ఇది ఓపెన్ సోర్స్. పైసా కట్టక్కర్లేదు. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటి మీదా నడుస్తుంది, నా పాత ల్యాప్‌టాప్ మీద కూడా మొరాయించదు. ఎనీరైల్, స్కార్మ్ కూడా మంచివే, వాటితో చెయ్యి త్వరగా తిరుగుతుంది. కాకపోతే ఎనీరైల్‌లో 50 పట్టా ముక్కలు, స్కార్మ్‌లో 100 దాటితే లైసెన్సు కొనాలి. చిన్న లేఅవుట్‌కి ఆ లెక్క సరిపోవచ్చు. నేను గీయాలనుకున్నదానికి సరిపోదు.

నేను గీయాలనుకున్నది నౌపడ. హౌరా–చెన్నై మెయిన్ లైన్ మీద పలాసకీ శ్రీకాకుళం రోడ్డుకీ మధ్య వస్తుంది. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో ఇక్కడినుంచే బయల్దేరింది. రెండున్నర అడుగుల గేజు, అంటే రెండు పట్టాల మధ్య ఎడం అంత. టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి, ఆ తర్వాతి కాలంలో గుణుపురం దాకా వెళ్లేది. 2004లో ఆ చిన్న పట్టాల మీద బండ్లు ఆగిపోయాయి, 2011కల్లా గుణుపురం దాకా బ్రాడ్ గేజు వచ్చేసింది. ఆ బండి ఎక్కినవాళ్లు టెక్కలి వైపు ఏ ఊరికి వెళ్లినా ఇప్పటికీ కనిపిస్తారు. ఎక్కనివాళ్లకి చూపించాలంటే నా చేతిలో ఉన్న దారి ఇదొక్కటే.

ఇక్కడ లెక్క ఒకటి చాలా అందంగా కుదురుతుంది. హెచ్‌ఓ స్కేలంటే 1:87, అసలు సైజులో 87వ వంతు. రెండున్నర అడుగులంటే 762 మిల్లీమీటర్లు, దాన్ని 87తో భాగిస్తే 8.76. బజార్లో దొరికే ఎన్ స్కేల్ (హెచ్‌ఓ కన్నా చిన్న స్కేలు) పట్టా 9 మిల్లీమీటర్లది, కాబట్టి చిన్న రైలుకి అది దాదాపు అచ్చంగా సరిపోతుంది. బ్రాడ్ గేజుకి మాత్రం ఆ అదృష్టం లేదు. 1676 మిల్లీమీటర్లకి 19.3 రావాలి, దొరికే హెచ్‌ఓ పట్టా 16.5. మన దేశంలో హెచ్‌ఓలో చేసేవాళ్లు ఎక్కువమంది ఆ తేడాతోనే సర్దుకుంటారు, నేనూ అంతే. ఎక్స్‌ట్రాక్‌క్యాడ్‌లో ఒక గేజు గీసి, సెట్టింగు మార్చి, అదే కాగితం మీద రెండోది గీసుకోవచ్చు. నౌపడలాంటి జంక్షన్‌కి ఈ ఒక్క సౌకర్యం చాలు.

మొదట్లో చేయాల్సిన పని గది కొలతలు, కనీస వ్యాసార్ధం, వాలు పరిమితి చెప్పడం. ఇవి చెప్పాక, మనం పెట్టిన హద్దు కన్నా బిగుతైన వంపు గీస్తే ఆ పట్టా వేరే రంగులోకి మారిపోతుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, రాత్రి పదకొండింటికి ఒక సైడింగ్ (పెట్టెలు నిలిపే పక్క లైను) ఎలాగైనా ఇరికించాలని చూస్తున్నప్పుడు ఆ రంగే చెయ్యి ఆపుతుంది.

ఆ తర్వాత జాయిన్ అనే కమాండు. రెండు తిన్నని పట్టాలు గీసి, ఒకదాని చివర, రెండోదాని చివర క్లిక్ చేసి లాగితే మధ్యలో వంపు అదే పడుతుంది. ఈజ్‌మెంట్ పెట్టుకుంటే తిన్నని పట్టాలోంచి వంపులోకి ఒక్కసారిగా తిరగకుండా కొంచెం కొంచెంగా బిగుసుకుంటూ వెళ్లే గీత వస్తుంది. అసలు రైల్వే వాళ్లు కూడా వంపు మొదట్లో ఇలాంటి ట్రాన్సిషన్ వేస్తారు. మోడల్‌లో దాని అందం చూడాలంటే కన్ను పట్టా ఎత్తుకి దించాలి. ఇంజను ముక్కు నెమ్మదిగా పక్కకి తిరుగుతుంది, వెనక పెట్టెలు ఒకదాని తర్వాత ఒకటి ఆ తిరుగుడు అందుకుంటాయి. డబ్బాలో వచ్చే సెట్ ట్రాక్ వంపుల్లో ఇది రాదు, ఫ్లెక్స్ ట్రాక్ వంచుకోవాల్సిందే. ఎలా వంచాలో ఈ ప్రోగ్రాము గీసి ఇస్తుంది.

నా దృష్టిలో దీని అసలు విలువ పాయింట్ల దగ్గర, అంటే బండి ఒక లైన్లోంచి ఇంకో లైన్లోకి మళ్లే చోట ఉంది. చేత్తో గీసే ప్లాన్‌లో పాయింటంటే గీతలోంచి గీత పుట్టే చోటు, అంతే. కావాల్సినన్ని పెట్టేయొచ్చు. నిజం పాయింటుకి పొడుగుంది, కోణముంది. పీకో కంపెనీ స్ట్రీమ్‌లైన్ మీడియం పాయింటు 219 మిల్లీమీటర్లు, కోణం 12 డిగ్రీలు. పక్క లైన్లోకి క్రాస్‌ఓవర్ కావాలంటే అలాంటివి రెండు, అంటే దాదాపు 44 సెంటీమీటర్లు వాటికే పోతాయి. ప్లాట్‌ఫారం పక్కన రన్‌రౌండ్ లూప్ (ఇంజను రైలుని దాటి రెండో కొసకి వెళ్లే లైను) పెట్టి, రెండు కొసల్లో పాయింట్లు వేసి, ఇంజను నిలవడానికి చివర కాస్త చోటు వదిలితే, పది అడుగుల పలక మీద రైలు నిలవడానికి మిగిలేది ఎంతో అప్పుడు తెలుస్తుంది. ఎక్స్‌ట్రాక్‌క్యాడ్‌లో పాయింటు కంపెనీ కొలతలతోనే వస్తుంది, నొక్కి పొట్టి చేయడానికి వీల్లేదు. నౌపడ నేరో గేజు వైపు నేను ముందు అనుకున్న లైన్లలో ఒకటి ఈ లెక్కకే ఎగిరిపోయింది. అది పోయాకే స్టేషన్‌కి ఊపిరి ఆడింది.

ఒక విషయం మాత్రం ఇది తనంతట తాను చెప్పదు. వంపులో పొడుగు పెట్టె మధ్యభాగం లోపలికి, కొసలు బయటికి జరుగుతాయి. మన ఐసీఎఫ్ (చెన్నై ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) పెట్టె పొడవు 21.3 మీటర్లు, కింద చక్రాలుండే రెండు బోగీల మధ్య దూరం 14.78, వెడల్పు 3.245. హెచ్‌ఓలో అది సుమారు 245 మిల్లీమీటర్ల పొడవు, 37 వెడల్పు. 438 మిల్లీమీటర్ల వ్యాసార్ధం వంపు మీద దాని కొస దాదాపు 9 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది, పక్క లైన్లో పెట్టె నడుం 7 మిల్లీమీటర్లు లోపలికి వస్తుంది. వెడల్పుతో కలిపితే దాదాపు 53. పక్కపక్క లైన్ల మధ్యగీతల ఎడం 50 పెడితే ఎదురెదురు బండ్లు రాసుకుంటాయి. అదే వంపు 914 చేస్తే మొత్తం 46 లోపే వస్తుంది, హాయిగా దాటిపోతాయి. తెర మీద రెండు ప్లాన్లూ ఒకేలా ముచ్చటగా కనిపిస్తాయి. అందుకే ప్రతి వంపు దగ్గరా ఈ లెక్క ప్లాన్ మీదే రాసి పెట్టుకుంటాను. మెయిన్ లైన్ మూల మలుపుని 914తో తిప్పాను, గది మూలలో చాలా చోటు తిన్నది. చిన్న రైలుకి 300 చాలు. నేరో గేజు ఇంట్లో పెట్టుకోవడానికి ఎంత అనువైనదో ఆ తేడాలోనే ఉంది.

గూడ్సు వైపు మూడు సైడింగులు వేశాను. ఇంగిల్‌నుక్ అని మోడల్ రైల్వేవాళ్లకి బాగా తెలిసిన అమరిక. ఒక సైడింగ్‌లో ఐదు వ్యాగన్లు, మిగతా రెండింటిలో మూడేసి పడతాయి, షంటింగ్ నెక్ (వ్యాగన్లు మార్చడానికి ఇంజను ముందుకీ వెనక్కీ కదిలే ముక్క) మీద ఇంజను, మూడు వ్యాగన్లు. మొత్తం ఎనిమిది వ్యాగన్లు పెట్టి, అందులో ఐదింటిని చీటీలు తీసి వచ్చిన వరసలో నిలబెట్టాలి. 6720 వరసలు సాధ్యం. నౌపడ అంటే ఉప్పు మడులు కాబట్టి కొన్నిటిని ఉప్పు వ్యాగన్లు చేశాను. మా మేనల్లుడు వచ్చాడంటే గంటలు గంటలు అక్కడే. "మావా, ఉప్పు బండి ఎనకాల ఉండిపోనాది, మల్లీ తియ్యాల" అంటూ మళ్లీ మొదటినుంచి షంటింగ్ మొదలెడతాడు. బండి గుండ్రంగా తిరుగుతుంటే పిల్లలు కాసేపే చూస్తారు. పని ఉన్న స్టేషన్‌ని వదలరు. ఇక్కడ సైడింగ్ పొడవు ఒక్క వ్యాగను ఎక్కువైనా పజిల్ చెడుతుంది, ఆ పొడవులు మిల్లీమీటర్లలో తేల్చింది ఈ సాఫ్ట్‌వేరే.

అన్నిటికన్నా నేను ఎక్కువగా వాడింది అసలు సైజు ప్రింటు. ప్లాన్ మొత్తం ఒకటికి ఒకటి కొలతలో ఏ4 కాగితాల మీద వస్తుంది, అంచులు కలుపుకుని టేపు వేసుకోవాలి. జెరాక్స్ షాపులో ఇచ్చేటప్పుడు 'ఫిట్ టు పేజ్' తీసెయ్యమని గట్టిగా చెప్పాలి, లేకపోతే అంతా కొంచెం కుదించుకుపోయి వస్తుంది. మొదటి కాగితం రాగానే స్కేలు పెట్టి పది సెంటీమీటర్లు పదే ఉన్నాయో లేదో కొలిచి, అప్పుడు మిగతావి వేయించుకోండి. ఆ కాగితాలు నేల మీద పరిచి, వాటి మీద వ్యాగన్లు నిలబెట్టి, ప్లాట్‌ఫారానికి అట్టముక్క కోసి పెట్టి, పక్కన కూచుని చూస్తే తెరమీద కనిపించనివన్నీ కనిపిస్తాయి. ఏ పాయింటుకి చెయ్యి అందదో, ఏ సైడింగ్ గోడకి మరీ దగ్గరో, స్టేషన్ భవనం ఎటు తిరిగితే బండి మొహం బాగా పడుతుందో. మా ఇంట్లో ఆ కాగితాలు చాలా రోజులు నేల మీదే ఉన్నాయి, వాటిని దాటుకుంటూ తిరిగారు అందరూ. ప్లై వచ్చాక అవే దాని మీద పరిచి, గుండుసూదితో గీతల వెంట గుచ్చి గుర్తులు పెట్టుకున్నాను.

లేయర్లు వాడటం తప్పకుండా నేర్చుకోండి. పట్టాలు ఒక లేయర్, కింద చెక్క చట్రం ఒకటి, వైర్లు ఇంకోటి. చట్రం అడ్డకర్ర సరిగ్గా పాయింటు మోటారు బిగించాల్సిన చోట వస్తే ఎంత తలనొప్పో. రెండు లేయర్లూ కలిపి చూస్తే అది ముందే దొరికిపోతుంది. వడ్రంగి మేస్త్రీకి చట్రం లేయర్ ఒక్కటే ప్రింటు తీసి ఇచ్చాను, ఆయన దాన్నిబట్టే కోశారు, మళ్లీ ఏదీ అడగాల్సిన పని పడలేదు.

వాలులూ ఎత్తులూ చూపించే భాగం నాకు పెద్దగా పనికిరాలేదు, నౌపడ చదును నేల. అరకు లైన్ చేయాలనుకునేవాళ్లకి ప్రాణం అదే. ఒక పట్టా కింద ఇంకో పట్టా పోవాలంటే 75 మిల్లీమీటర్ల ఎత్తు కావాలనుకోండి, 2 శాతం వాలులో అంత ఎక్కడానికి 3.75 మీటర్లు పడుతుంది. త్రీడీ చూపు ఇందులో లేదు. ఐకాన్లు చిన్నవి, మెనూల్లో ఏది ఎక్కడుందో అలవాటు పడేదాకా వెతుక్కోవాలి. మీరు వాడే కంపెనీ పట్టాల కొలతలుండే పారామీటర్ ఫైలు ముందు ఎక్కించుకోకపోతే పాయింట్లు అసలు కనిపించవు, కొత్తవాళ్లు చాలామంది అక్కడే వదిలేస్తారు.

మన సముద్రపు గాలి సంగతి మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ లెక్కలోకి తీసుకోదు. 914 మిల్లీమీటర్ల నికెల్ సిల్వర్ పట్టా 20 డిగ్రీల వేడి తేడాకి 0.3 మిల్లీమీటరు సాగుతుంది, పది కలిపితే 3. వానాకాలం, తుఫాను రోజుల్లో ప్లై పీల్చుకునే తేమ దీనికి అదనం. కాబట్టి పట్టా అతుకుల్లో విజిటింగ్ కార్డు దూరేంత సందు ఎక్కడెక్కడ వదలాలో ప్లాన్‌లోనే గుర్తు పెట్టాను. సందులున్న చోట కరెంటుని అతుకులకి వదిలేయకూడదు, ప్రతి పట్టా ముక్కకీ విడిగా ఫీడర్ వైరు. అవీ వైర్ల లేయర్‌లో ఉన్నాయి. ప్లై కింద, అంచులకీ రంగు వేయించడం మరవకండి.

చివర్లో విడిభాగాల జాబితా అదే తీసి ఇస్తుంది. ఈ పట్టాలు అమ్మే కొట్టు మన జిల్లాలో నేను చూళ్లేదు, బయటినుంచి తెప్పించుకోవాలి, కొరియరూ కస్టమ్సూ కలిపి ఒక్కోసారి సరుకు ధరకి దగ్గరగా వస్తాయి. జాబితా చేతిలో ఉంటే ఒకే ఆర్డరుతో అయిపోతుంది.

నేల మీద గుండ్రంగా పట్టా పరిచి బండి తిప్పితే చాలనుకునేవాళ్లకి ఇదంతా అక్కర్లేదు, డబ్బాలో వచ్చిన కాగితం సరిపోతుంది. ఫోన్లోనే అన్నీ చేసుకునేవాళ్లకీ ఇది కుదరదు, కంప్యూటరూ మౌసూ ఉండాలి. మిగతావాళ్లు ముందు ఒక్క సైడింగ్, రెండు పాయింట్లు గీసి ప్రింటు తీసి చూడండి.

నేనిప్పుడు టెక్కలి గీస్తున్నాను. నేరో గేజు గది తలుపు దాటి అవతలి గోడకి వెళ్లాలి. గుమ్మం దగ్గర ఎత్తి పక్కన పెట్టుకునే పలక ఒకటి ప్లాన్‌లో ఉంది, దాని మీద వంపు రాకుండా తిన్నని పట్టా మాత్రమే ఉండేలా ఇటూ అటూ ఇంకా సర్దుతున్నాను.