నడుం పట్టేస్తే ఏ బిళ్ళ మేలు?

ఉభాలు, అంటే వరి నాట్లు, మొదలయ్యాయంటే సోంపేటలో మా మందుల షాపుకు నడుం మీద చెయ్యేసుకుని వచ్చేవాళ్ళు ఎక్కువైపోతారు. కొబ్బరి దింపేవాళ్ళు, రోజంతా కూర్చుని జీడి పిక్కలు కొట్టే ఆడవాళ్ళు, ఇచ్ఛాపురం వైపు ఆటోలు నడిపేవాళ్ళు అందరూ అడిగేది ఒకటే: "పట్టు వదిలే బిళ్ళల్లో ఏది మంచిదండీ?" డాక్టరు ఒకరికి థయోకోల్చికోసైడ్ రాస్తారు, పక్కింటాయనకు టిజానిడిన్, ఇంకొకరికి క్లోర్‌జోక్సాజోన్ కలిసిన బిళ్ళ. పక్కింటాయనకు పనిచేసింది కదా, నాకూ అదే ఇవ్వండి అంటారు. షాపులో నిలబెట్టి రెండు ముక్కల్లో చెప్పగలిగేది కాదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నొప్పి తగ్గించడంలో ఈ మూడింటికీ పెద్ద తేడా లేదు. మూడూ కండరం మీద కంటే మెదడు, వెన్నుపాముల మీదే ఎక్కువగా పనిచేస్తాయి. మత్తుగా, తూలుతున్నట్టుగా ఉండేది అందుకే. ఏదైనా మొదటి కొద్ది రోజులే ఉపయోగం, ఆ తర్వాత మింగినా కొత్తగా ఒరిగేది తక్కువ. కాబట్టి ఏది బలమైనది అని కాదు, ఏది ఎవరికి ప్రమాదం అని చూడాలి.

నా వరకు అన్నిటికంటే ముఖ్యమైనది కండరాల మందు కాదు, దానితో పాటు అదే బిళ్ళలో కలిసి వచ్చే నొప్పి మందు. స్ట్రిప్ వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. డైక్లోఫెనాక్ 50 మిల్లీగ్రాములు, పారాసిటమాల్ 325, క్లోర్‌జోక్సాజోన్ 250 అని ఉంటుంది. ఇంకో స్ట్రిప్ మీద ఎసిక్లోఫెనాక్ 100, థయోకోల్చికోసైడ్ 4 అని ఉంటుంది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ రెండూ కిడ్నీలకు వెళ్ళే రక్తాన్ని తగ్గించే మందులే. ఎండలో చెమటోడ్చి, నీళ్ళు సరిగా తాగని మనిషి మీద ఆ దెబ్బ ఇంకా గట్టిగా పడుతుంది. బీపీకి టెల్మిసార్టాన్ లాంటి బిళ్ళతో పాటు మూత్రం బాగా రావడానికి ఇంకో బిళ్ళ కూడా వేసుకునేవాళ్ళకు ఈ నొప్పి మందు మూడోదై చేరితే కిడ్నీలు ఒక్కసారిగా చతికిలబడే ప్రమాదం ఉంది.

ఈ మాట ఎక్కడైనా నిజమే, కానీ శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానంలో దీన్ని తేలిగ్గా తీసుకోలేం. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు లేని వీధి దొరకడం కష్టం. దానికి అసలు కారణం ఇన్నేళ్ళయినా తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్‌లో మొదలయ్యాయి. ఇక్కడ చాలామందికి తమ కిడ్నీ అప్పటికే సగం దెబ్బతిని ఉందన్న సంగతి తెలియదు, ఎందుకంటే మొదట్లో ఏ లక్షణమూ కనబడదు. అలాంటి మనిషి ఉదయం ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకుని, మధ్యాహ్నం మా దగ్గరికొచ్చి డైక్లోఫెనాక్ ఉన్న బిళ్ళే అడుగుతాడు. సూది వేరు, బిళ్ళ వేరు అనుకుంటాడు. రెండిట్లోనూ ఉన్నది ఒకే మందు. ఇది చూసినప్పుడల్లా నాకు నిజంగా భయమేస్తుంది.

అందుకే మా ప్రాంతంలో కలిపిన బిళ్ళ కంటే విడి బిళ్ళే మేలంటాను. నొప్పికి పారాసిటమాల్, కండరాల పట్టుకు విడిగా ఒక మందు, అదీ డాక్టరు రాస్తేనే. క్లోర్‌జోక్సాజోన్ ఇక్కడే వెనకబడిపోతుంది. అది విడిగా మా షాపులకు దాదాపు రాదు, ఎప్పుడూ నొప్పి మందును వెంటబెట్టుకునే వస్తుంది. అరుదుగానైనా కాలేయాన్ని తీవ్రంగా దెబ్బతీస్తుంది కూడా. దాన్ని వాడేవాళ్ళకు కళ్ళు పచ్చబడినా, అన్నం సయించకపోయినా వెంటనే ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఇక మిగిలినవి థయోకోల్చికోసైడ్, టిజానిడిన్. థయోకోల్చికోసైడ్‌తో మత్తు కాస్త తక్కువ కాబట్టి పగలు పనికి వెళ్ళేవాళ్ళు దాన్నే ఇష్టపడతారు. కానీ అది శరీరంలో విడిపోయాక పుట్టే ఒక పదార్థం విభజన చెందుతున్న కణాల్లో క్రోమోజోముల లెక్కను చెడగొట్టగలదని తేలింది. యూరప్ మందుల సంస్థ 2013లో దీనికి హద్దులు పెట్టింది: బిళ్ళ అయితే 12 గంటలకు 8 మిల్లీగ్రాముల చొప్పున, 7 రోజులకు మించకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 16 ఏళ్ళ లోపు పిల్లలు వాడకూడదు. పిల్లలు పుట్టే వయసులో ఉండి కుటుంబ నియంత్రణ పాటించని ఆడవాళ్ళు కూడా వాడకూడదు. నాట్లకు వంగి నడుం పట్టేసేది ఎక్కువగా ఈ వయసు ఆడవాళ్ళకే. "అమ్మా, నెల తప్పిందా?" అని అడిగితే కొందరు సిగ్గుపడతారు, పక్కన మగవాళ్ళుంటే తల అడ్డంగా ఊపేస్తారు. అయినా అడగాల్సిందే. మూర్ఛ ఉన్నవాళ్ళకూ ఈ మందు పనికిరాదు.

నా మొగ్గు టిజానిడిన్ వైపే, అదీ 2 మిల్లీగ్రాముల బిళ్ళ, రాత్రి పడుకునే ముందు. మత్తు దీనికే ఎక్కువ, కానీ రాత్రిపూట ఆ మత్తే పనికొస్తుంది. నొప్పితో నిద్ర పట్టనివాడు నిద్రపోతాడు. ప్రభావం కొద్ది గంటలే కాబట్టి చాలామందికి పొద్దున్నకు తేలిపోతుంది. ఇంకా బరువుగా అనిపిస్తే మాత్రం ఆ రోజు చెట్టెక్కకూడదు, ఆటో తీయకూడదు. ఇది బీపీని దించుతుంది. రాత్రి బాత్రూంకి లేచేటప్పుడు ఒక్కసారిగా నిలబడకుండా మంచం అంచున కాసేపు కూర్చుని లేవండి. బీపీ బిళ్ళలు వాడేవాళ్ళు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. కల్లు, సారా ఆ రాత్రి ముట్టుకోవద్దు.

టిజానిడిన్‌తో అస్సలు కలపకూడనిది సిప్రోఫ్లాక్సాసిన్. విరేచనాలకని ఇంట్లో మిగిలిన సిప్రో బిళ్ళ వేసుకోవడం మన దగ్గర మామూలే. సిప్రో ఉన్నప్పుడు టిజానిడిన్ శరీరంలో తొందరగా కరగదు, రక్తంలో దాని మోతాదు దాదాపు పది రెట్లు పెరుగుతుంది. బీపీ పడిపోయి మనిషి సోలిపోతాడు. ఇంకో మాట, కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళలో టిజానిడిన్ కూడా నెమ్మదిగానే బయటికి పోతుంది. కాబట్టి వాళ్ళ మోతాదు కిడ్నీ డాక్టరు చెప్పాలి, నేను చెప్పేది కాదు.

మెథోకార్బమాల్ కూడా కొందరు రాస్తారు. మత్తు దీనికీ ఉంది. మూత్రం రంగు మారితే హడలిపోకండి, దీనితో అది జరిగేదే.

బాక్లోఫెన్ మాత్రం ఈ లెక్కలోకే రాదు. పక్షవాతం, వెన్నుపాము జబ్బుల వల్ల కాళ్ళు చేతులు బిగుసుకుపోయినవాళ్ళ మందు అది. ఎక్కువ భాగం కిడ్నీల గుండానే బయటికి పోవాలి కాబట్టి కిడ్నీ జబ్బున్నవాళ్ళలో తక్కువ మోతాదుకే మతి తప్పి, స్పృహ పోయే ప్రమాదం ఉంది. మరోవైపు, రోజూ వాడుతున్నవాళ్ళు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు. ఇంట్లో ఎవరికో తెచ్చిన బాక్లోఫెన్ స్ట్రిప్ నడుం నొప్పికని తీసి మింగకండి.

ఏది వాడినా ముందు ఒకసారి కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి. ఆ కాగితం మందుల చీటీతో పాటు షాపుకు తెస్తే, డాక్టరుకు తెలియక నొప్పి మందు రాసి ఉంటే ఫోన్ చేసి అడిగే వీలు మాకుంటుంది. నడుం నొప్పితో పాటు కాలు బలహీనపడినా, మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా ఏ బిళ్ళా వేసుకుని తెల్లారేదాకా ఆగొద్దు. అదే రాత్రి 108కి ఫోన్ చేసి టెక్కలికో, శ్రీకాకుళం రిమ్స్‌కో వెళ్ళిపోవాలి.