క్వావ్‌తెమోక్ ఆపిలా, దెలీసియాస్ పెకానా?

క్వావ్‌తెమోక్, దెలీసియాస్ రెండూ ఉత్తర మెక్సికోలో చివావా రాష్ట్రపు మెట్ట మైదానాల ఊళ్లే. పెకాన్ అంటే అక్రోట్ లాంటి గింజ కాసే చెట్టు. తోట పెట్టేవాడి లెక్క మాత్రం రెండు చోట్లా ఒకటి కాదు.

నీళ్లు: క్వావ్‌తెమోక్‌లో బోర్లే ఆధారం. 1922లో కెనడా నుంచి వచ్చిన మెనోనైట్లు (ఒక క్రైస్తవ శాఖ వారు) ఈ నేలను సాగులోకి తెచ్చారు. ఇప్పుడు భూగర్భజలం ఏటా దిగుతోంది, కరెంటు ఖర్చు పెరుగుతోంది. దెలీసియాస్‌కు కోంచోస్ నది మీది లా బోకీయా డ్యామే దిక్కు. కాలువ నీరు చవకే. కరువొస్తే మాత్రం వాటా కోత తప్పదు. పైగా 1944లో అమెరికాతో కుదిరిన నదీజలాల ఒప్పందం ప్రకారం ఆ దేశానికీ నీళ్లు వదలాలి. 2020లో ఆ డ్యామ్ దగ్గర రైతులు తిరగబడింది అందుకే, వాళ్ల బాధ న్యాయమైనది.

కాపు: చెట్టును పొట్టిగా ఉంచే వేరుమూలం మీద అంటుకట్టిన ఆపిల్ మూడు నాలుగేళ్లకు కాస్తుంది. పెకాన్‌కు ఏడెనిమిదేళ్లు ఆగాలి.

ముప్పు: ఆపిల్‌కు ఏప్రిల్ మంచే గండం. విచ్చిన పువ్వు మైనస్ 2 డిగ్రీల దగ్గర దెబ్బతినడం మొదలై, మైనస్ 4 దగ్గర దాదాపు అంతా పోతుంది. చచ్చిన పువ్వును చీల్చితే నడిమి భాగం నల్లగా కనిపిస్తుంది. మంచుకు హీటర్లు, వడగళ్లకు వలలు ముందే సిద్ధం చేసుకోవాలి. పెకాన్‌కు సున్నపు నేలలో జింకు అందదు. కొమ్మ చివర ఆకులు చిన్నవై గుత్తికడతాయి. చిగురు దశ నుంచే ఆకుల మీద జింకు పిచికారీ చేయాలి.

సొంత బోరు, మంచును తట్టుకునే పెట్టుబడి, త్వరగా రాబడి కావాలంటే ఆపిల్. ఖాయమైన కాలువ హక్కు, ఎనిమిదేళ్లు ఆగే ఓపిక ఉంటే పెకాన్.